పన్నుల మీద కోపం, పేదల మీద కోత

"పన్నులు తగ్గించండి! ప్రభుత్వ ఖర్చు తగ్గించండి!" ఈ నినాదం వినడానికి బాగుంటుంది. పన్ను కట్టడం ఎవరికి మాత్రం ఇష్టం? కూలి చేసుకు బతికేవాడు కూడా సబ్బుబిళ్ళ దగ్గర్నుంచి సెల్‌ఫోను రీచార్జి దాకా ప్రతిదాని మీదా పన్ను కడుతూనే ఉన్నాడు. ప్రభుత్వ సొమ్ము దుబారా అవుతుంటే ముందు కడుపు మండేది కూడా వాడికే. అందుకే ఎక్కడో జనం వీధుల్లోకి వచ్చి పన్నుల మీద తిరగబడ్డారని వింటే "మంచి పని చేశారు" అనిపిస్తుంది.

అయితే అలా అనుకునే ముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఎవరి పన్ను తగ్గించమంటున్నారు? ఎవరికి పెట్టే ఖర్చు కోయమంటున్నారు? 2009లో అమెరికాలో లేచిన "టీ పార్టీ" ఉద్యమాన్ని ఈ రెండు ప్రశ్నలు పట్టుకుని చూస్తే మన కూలీలు తెలుసుకోవలసింది చాలా కనిపిస్తుంది.

ఉద్యమం ఎలా పుట్టింది?

2008లో అమెరికాలో పెద్ద బ్యాంకులు కుప్పకూలాయి. తీర్చలేని వాళ్ళకు కూడా ఇళ్ళ అప్పులు అంటగట్టి, ఆ అప్పు కాగితాల మీద జూదమాడి, చివరికి మునిగాయి. వాటిని ఒడ్డుకు చేర్చడానికి 2008 అక్టోబరు 3న అధ్యక్షుడు బుష్ 70,000 కోట్ల డాలర్ల పథకం మీద సంతకం పెట్టాడు. ఒకపక్క లక్షలాది కుటుంబాలు అప్పు కట్టలేక ఇళ్ళు పోగొట్టుకుంటున్నాయి. ఇంకోపక్క, ప్రభుత్వ సొమ్ముతో బతికి బట్టకట్టిన ఎ.ఐ.జి. అనే బీమా కంపెనీ 2009 మార్చిలో తన ఉద్యోగులకు 16 కోట్ల 50 లక్షల డాలర్ల బోనస్‌లు పంచింది. ఇది చూసి మండిపడని వాడెవడు?

2009 జనవరిలో ఒబామా అధ్యక్షుడయ్యాడు. ఫిబ్రవరి 17న పనులు కల్పించడానికి, రాష్ట్రాలను ఆదుకోవడానికి 78,700 కోట్ల డాలర్ల చట్టం మీద సంతకం చేశాడు. ఆ మర్నాడు, ఇళ్ళు పోగొట్టుకోబోతున్న వాళ్ళ కోసం 7,500 కోట్ల డాలర్ల పథకం ప్రకటించాడు. ఆ తర్వాతి రోజు, ఫిబ్రవరి 19న, రిక్ శాంటెల్లి అనే టీవీ వ్యాఖ్యాత షికాగో వాయిదా వ్యాపారుల హాలులో నిలబడి కేకలు వేశాడు. అప్పు తీర్చలేని ఓటివాళ్ళ బాకీ మనమెందుకు కట్టాలి, షికాగోలో ఒక టీ పార్టీ పెడదాం రండి అన్నాడు. చుట్టూ ఉన్న వ్యాపారులు చప్పట్లు కొట్టారు.

తేదీలు గమనించండి. బ్యాంకులకు 70,000 కోట్లు ఇచ్చి అప్పటికి నాలుగు నెలలు దాటింది. షికాగో వ్యాపారుల హాలులో ఆ కేక పుట్టింది మాత్రం ఇల్లు పోతున్నవాడికి 7,500 కోట్లు ఇస్తామన్నాకే. పది రూపాయలు తీసుకున్నవాణ్ణి వదిలేసి, రూపాయి అందబోతున్నవాడి చెయ్యి పట్టుకున్నట్టుంది.

ఫిబ్రవరి 27న సుమారు 40 పట్టణాల్లో ప్రదర్శనలు జరిగాయి. ఆదాయపు పన్ను లెక్కలు దాఖలు చేసే ఆఖరు రోజు ఏప్రిల్ 15న వందల పట్టణాల్లో జనం వీధుల్లోకి వచ్చారు. సెప్టెంబరు 12న రాజధాని వాషింగ్టన్‌లో పెద్ద ప్రదర్శన జరిగింది. దేశమంతటా సుమారు వెయ్యి స్థానిక సంఘాలు ఏర్పడ్డాయి.

పేరులోనే ఉన్న తిరకాసు

ఈ "టీ పార్టీ" అన్న పేరు పాతది. 1773 డిసెంబరు 16న బోస్టన్ రేవులో వలస ప్రజలు ఓడలెక్కి 342 పెట్టెల తేయాకును సముద్రంలో పారేశారు. ఆ తేయాకు మరెవరిదో కాదు, ఈస్టిండియా కంపెనీది. 1765లో బెంగాల్ దివానీ పుచ్చుకుని, 1766లో నిజాంతో ఒప్పందం చేసుకుని మన ఉత్తర సర్కారులను చేతబట్టిన కంపెనీ అదే. 1770లో బెంగాల్ కరువుతో మాడిపోతుంటే శిస్తు వదలని కంపెనీ కూడా అదే.

ఆ కంపెనీ 1772 నాటికి దివాలా అంచుకు వచ్చింది. బ్రిటిష్ పార్లమెంటు దానికి 14 లక్షల పౌన్ల అప్పు ఇచ్చింది. గోదాముల్లో పేరుకుపోయిన తేయాకును అమెరికాలో నేరుగా చౌకగా అమ్ముకునేలా 1773లో ఒక చట్టం కూడా చేసింది. అంటే నాటి బోస్టన్ జనం తిరగబడింది ఒక్క పన్ను మీదనే కాదు, ప్రభుత్వం కాపు కాసిన ఒక బడా కంపెనీ మీద కూడా. 2009లో ఆ పేరు పెట్టుకున్న ఉద్యమం చివరకు బడా కంపెనీలకే మేలు చేసింది. ఎలాగో చూద్దాం.

కోపం నిజమే, మరి ఖర్చు ఎవరిది?

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. ప్రదర్శనలకు వచ్చినవాళ్ళంతా కిరాయి మనుషులని తీసిపారేస్తే పొరపాటు. వాళ్ళలో ఎక్కువమంది సొంత ఖర్చులతో వచ్చినవాళ్ళే. బ్యాంకులకు సొమ్ము దోచిపెట్టారన్న కోపం వాళ్ళకు నిజంగానే ఉంది. అందుకు రుజువు కూడా ఉంది. ఉటా రాష్ట్రంలో బాబ్ బెన్నెట్ అనే రిపబ్లికన్ సెనేటర్ ఆ బ్యాంకుల పథకానికి ఓటు వేశాడు. 2010 మేలో సొంత పార్టీవాళ్ళే ఆయనకు మళ్ళీ టిక్కెట్టు రాకుండా చేశారు.

వచ్చినవాళ్ళు ఎవరు? 2010 ఏప్రిల్‌లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక, సి.బి.ఎస్. సంస్థ కలిసి చేసిన సర్వేలో నూటికి 18 మంది తాము టీ పార్టీ మద్దతుదార్లమన్నారు. ఆ మద్దతుదార్లలో నూటికి 89 మంది తెల్లవాళ్ళు. సగటు అమెరికన్ కంటే వయసులో పెద్దవాళ్ళు, ఆదాయంలో, చదువులో కాస్త పైవాళ్ళు. విచిత్రమేమంటే, తాము కడుతున్న ఆదాయపు పన్ను న్యాయంగానే ఉందని వాళ్ళలో నూటికి 52 మంది చెప్పారు. అంతేకాదు, ఒబామా చట్టంలోనే పనిచేసే మనిషికి 400 డాలర్ల దాకా పన్ను తగ్గింపు ఉంది.

మరి పన్ను పెరగనప్పుడు కోపం దేని మీద? థీడా స్కాచ్‌పోల్, వెనెస్సా విలియమ్సన్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ సంఘాల సమావేశాలకు వెళ్ళి, సభ్యులతో మాట్లాడి 2012లో ఒక పుస్తకం ప్రచురించారు. వాళ్ళకు కనిపించిందేమంటే, ఈ జనం ప్రభుత్వ ఖర్చు మొత్తాన్నీ వ్యతిరేకించడం లేదు. ముసలితనంలో వచ్చే పింఛను, మెడికేర్ అనే వైద్య సహాయం మాకు రావలసిందే, అది మా కష్టార్జితం అంటున్నారు. వాళ్ళ కోపమంతా పని చేయకుండా తింటున్నారని తాము అనుకునే వాళ్ళ మీద. వాళ్ళ మనసులో ఆ మనుషులు వలస వచ్చినవాళ్ళు, పేదలు, యువకులు. అంటే తనకు వచ్చేది హక్కు, పక్కవాడికి వచ్చేది దుబారా!

ఈ కోపానికి పందిరి వేసిన చేతులు వేరే ఉన్నాయి. ఫ్రీడమ్‌వర్క్స్ అనే సంస్థ, అమెరికన్స్ ఫర్ ప్రాస్పెరిటీ అనే సంస్థ శిక్షణలిచ్చాయి, బస్సులు పెట్టాయి, వక్తలను పంపాయి. మొదటిదానికి నాయకుడు డిక్ ఆర్మీ, పార్లమెంటు దిగువ సభలో ఒకప్పటి రిపబ్లికన్ నాయకుడు. రెండోదాని వెనక ఉన్నది కోక్ సోదరులు. చమురు శుద్ధి, ఎరువులు, కాగితం, ఇలా అనేక పరిశ్రమలున్న కుబేరులు. రెండు సంస్థలూ 1984లో పుట్టిన ఒకే తల్లి సంస్థ పిల్లలు. పన్ను తగ్గాలని వీళ్ళు పాతికేళ్ళుగా డబ్బు పోస్తూనే ఉన్నారు. 2009లో వీళ్ళకు జనం దొరికారు. కోపం జనానిది, అజెండా కుబేరులది.

కాలిఫోర్నియాలో ముందే జరిగింది

ఇది కొత్త విద్య కాదు. 1978 జూన్ 6న కాలిఫోర్నియా రాష్ట్రంలో "ప్రతిపాదన 13" మీద ప్రజల ఓటు జరిగింది. అప్పట్లో ధరలతోపాటు ఇళ్ళ విలువ పెరిగి, ఇంటిపన్ను పెరిగిపోయింది. పింఛను మీద బతికే ముసలివాళ్ళు పన్ను కట్టలేక ఇల్లు అమ్ముకోవలసి వస్తుందని భయపడ్డారు. ఆ బాధ నిజమైనదే. దాన్ని అందుకున్న నాయకుడు హోవర్డ్ జార్విస్ మాత్రం లాస్ ఏంజిల్స్‌లో అద్దె ఇళ్ళ యజమానుల సంఘానికి పనిచేసే మనిషి. ఓటర్లలో దాదాపు 65 శాతం ఆ ప్రతిపాదనకు ఓటు వేశారు. ఆస్తిపన్ను విలువలో ఒక శాతానికి మించగూడదు, ఆస్తి చేతులు మారేదాకా ఆ విలువను ఏటా రెండు శాతానికి మించి పెంచగూడదు అన్నారు.

ముసలమ్మ ఇంటికి ఊరట దొరికింది, నిజమే. ఆ ఊరట కొంగు పట్టుకుని చమురు కంపెనీలు, హోటళ్ళు, పెద్ద పెద్ద ఫ్యాక్టరీలు కూడా లోపలికి దూరాయి. మనిషి ఇల్లు ఎప్పుడో ఒకప్పుడు అమ్ముతాడు, కంపెనీ స్థలం అమ్మదు. కనుక కంపెనీలకు పాత విలువ మీద పన్ను అలాగే ఉండిపోయింది. ఆస్తిపన్ను రాబడి ఒక్కసారిగా సగానికి పైగా పడిపోయింది. బడుల్లో వేసవి తరగతులు ఎత్తేశారు. అద్దెకున్నవాళ్ళకు అద్దెలు తగ్గుతాయన్నారు, అవి తగ్గలేదు. వ్యాపార ఆస్తులకైనా ఈ మినహాయింపు తీసేద్దామని 2020 నవంబరులో మళ్ళీ ఓటు పెడితే స్వల్ప తేడాతో ఓడిపోయింది. ఒకసారి ఇచ్చిన రాయితీని వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో చూడండి.

పత్తి రైతు సబ్సిడీ, పేదవాడి కూపను

రైతుకూలీలు ముఖ్యంగా చూడవలసింది 2013 నాటి వ్యవసాయ బిల్లు కథ.

అమెరికాలో ఆహార కూపన్లు అనే పథకం ఉంది. మన రేషను కార్డులాంటిదే, కాకపోతే బియ్యానికి బదులు సరుకులు కొనుక్కోవడానికి డబ్బు ఇస్తారు. 2013లో సుమారు 4 కోట్ల 70 లక్షల మంది దాని మీద ఆధారపడ్డారు. మనిషికి నెలకు సగటున వచ్చింది 133 డాలర్లు. ఈ కూపన్లు, రైతుల సబ్సిడీలు ఒకే బిల్లులో ఉండేవి. పట్నం సభ్యులు కూపన్ల కోసం, పల్లె సభ్యులు సబ్సిడీల కోసం కలిసి ఓటు వేసేవాళ్ళు.

2010 నవంబరు ఎన్నికల్లో టీ పార్టీ ఊపు మీద రిపబ్లికన్లకు దిగువ సభలో 63 స్థానాలు పెరిగాయి. కొత్తగా వచ్చినవాళ్ళ పట్టుతో 2013 జులై 11న సభ ఆ బిల్లును రెండు ముక్కలు చేసింది. రైతు సబ్సిడీల ముక్కను 216–208 ఓట్లతో నెగ్గించింది. కూపన్ల ముక్కను పక్కన పెట్టింది. సెప్టెంబరు 19న దాన్ని మళ్ళీ తెచ్చి, పదేళ్ళలో సుమారు 4,000 కోట్ల డాలర్ల కోత పెట్టే బిల్లును 217–210తో నెగ్గించింది.

ఆ చర్చల్లో టెనెసీ రాష్ట్ర సభ్యుడు స్టీఫెన్ ఫించర్ పేరు పత్రికలకెక్కింది. 2010లో ఆ ఊపు మీదే గెలిచిన పత్తి రైతు ఆయన. పని చేయనివాడికి తినే హక్కు లేదని బైబిలును సాక్ష్యం తెచ్చి కూపన్ల కోతను సమర్థించాడు. ఎన్విరాన్‌మెంటల్ వర్కింగ్ గ్రూప్ అనే సంస్థ ప్రభుత్వ లెక్కలు తీసి చూపించింది. 1999 నుంచి 2012 దాకా ఈయనకు అందిన వ్యవసాయ సబ్సిడీ సుమారు 35 లక్షల డాలర్లు! 2012 ఒక్క ఏడాదిలోనే నేరుగా అందింది 70,000 డాలర్లు.

ఇప్పుడు మన లెక్క మనం వేద్దాం. కూపను మనిషికి నెలకు 133 డాలర్లంటే ఏడాదికి 1,596. ఆ రైతుగారికి ఒక ఏడాది అందిన 70,000తో దాదాపు 44 మంది పేదలకు ఏడాది పొడుగునా కూపన్లు వస్తాయి. అసలు తమాషా ఇంకొకటి ఉంది. నాటి "నేరు చెల్లింపు" అనే ఆ సబ్సిడీ పంట వేసినా వేయకపోయినా వచ్చేది! పని చేయనివాడు తినరాదు అన్న సూత్రం ఎవరి ముందు చదవాలో మీరే చెప్పండి.

న్యాయానికి ఇంకో మాట కూడా చెప్పాలి. కూపన్లూ వద్దు, పెద్ద రైతుల సబ్సిడీలూ వద్దు అని రెండింటినీ వ్యతిరేకించిన సంస్థలు కూడా ఆ శిబిరంలో ఉన్నాయి. మరి చివరకు చట్టంలో ఏం మిగిలింది? 2014 ఫిబ్రవరి 7 నాటి వ్యవసాయ చట్టం నేరు చెల్లింపులను తీసేసింది, పంట బీమా, ధర హామీల పేరుతో సబ్సిడీని మరో దారిలో తెచ్చిపెట్టింది. కూపన్లలో పదేళ్ళకు సుమారు 800 కోట్ల డాలర్లు కోసింది. పెద్ద రైతు ఒక తలుపు మూస్తే ఇంకో తలుపులోంచి వచ్చాడు. పేదవాడికి ఉన్నది ఒకటే తలుపు.

ఈ పత్తి సంగతి మనకు పరాయిది కాదు. సబ్సిడీ తిని చౌకగా ప్రపంచ మార్కెట్లోకి దిగే అమెరికా పత్తి మిగతా దేశాల ధరను కిందికి లాగుతుంది. బ్రెజిల్ 2002లో ప్రపంచ వాణిజ్య సంస్థలో కేసు వేసి నెగ్గింది. 2014లో అమెరికా 30 కోట్ల డాలర్లు ఇచ్చి రాజీ చేసుకుంది. కాని ఆ సబ్సిడీల దెబ్బ వరంగల్, ఆదిలాబాద్ మార్కెట్ యార్డుల్లో బోరాలు దించుకున్న సన్నకారు రైతుకూ తగిలింది. వాడికి ధర లేదంటే చేలో పత్తి ఏరే ఆడకూలీకి కూలి లేదన్న మాటే.

పన్ను కట్టనిది ఎవరు?

"మేం పన్ను కడుతుంటే వాళ్ళు కూర్చుని తింటున్నారు" అన్నది ఈ ఉద్యమం ఊరూరా చాటిన మాట. 2012లో అధ్యక్ష పదవికి పోటీ చేసిన మిట్ రామ్నీ, ధనవంతుల విందులో మాట్లాడుతూ, దేశంలో నూటికి 47 మంది ఆదాయపు పన్ను కట్టరు, ప్రభుత్వం మీద బతుకుతారు అన్నాడు. ఎవరో రహస్యంగా రికార్డు చేసి బయటపెట్టారు.

ఆదాయపు పన్ను కట్టనివాళ్ళు వేరే పన్ను కట్టరా? అమెరికాలో కూలి డబ్బు చేతికి రాకముందే పింఛను నిధికి 6.2 శాతం, వైద్య నిధికి 1.45 శాతం కోసుకుంటారు. అంగట్లో సరుకు మీద పన్ను వేరే. ఇక రామ్నీగారి సంగతి? 2011లో ఆయన ఆదాయం కోటి 37 లక్షల డాలర్లు. కట్టిన ఆదాయపు పన్ను 14.1 శాతం. ఆయన ఆదాయంలో ఎక్కువ భాగం పెట్టుబడి మీద వచ్చినది. ఒళ్ళు వంచి సంపాదిస్తే ఒక రేటు, డబ్బు డబ్బును కంటే అంతకన్నా తక్కువ రేటు.

అక్కడి పొలం కూలీల స్థితి ఇంకా దారుణం. పంట పనులు చేసే కూలీల్లో సుమారు పదికి నలుగురు కాగితాలు లేని వలసవాళ్ళు, ఎక్కువమంది మెక్సికో నుంచి వచ్చినవాళ్ళు. వీళ్ళలో చాలామంది కూలిలోంచి పింఛను నిధికి కోత పడుతూనే ఉంటుంది, పింఛను మాత్రం రాదు. ఆహార కూపన్లు కూడా వీళ్ళకు లేవు. సంఘం పెట్టుకునే హక్కును కాపాడే 1935 నాటి చట్టం పొలం కూలీలను వదిలేసింది. కనీస వేతనాల చట్టం 1938లో వచ్చినా వీళ్ళకు కొంతమేరకు వర్తించింది 1966లో. అదనపు గంటలకు అదనపు కూలి ఇవ్వాలన్న నియమం జాతీయ చట్టంలో వీళ్ళకు ఇప్పటికీ లేదు. పన్ను కట్టి ఏమీ తీసుకోనివాడెవడని వెతికితే ఇడుగో, వంగి టమాటాలు కోస్తున్నాడు. ఆ సభల్లో ఊరి సొమ్ము తింటున్నాడని వేలెత్తి చూపింది వీణ్ణే!

చివరకు తగ్గినదేమిటి?

2011లో విస్కాన్సిన్ రాష్ట్రంలో గవర్నరు స్కాట్ వాకర్ బడ్జెట్ లోటు సాకు చెప్పి ప్రభుత్వోద్యోగుల సంఘాలకు బేరమాడే హక్కును దాదాపు తీసేశాడు. వేలాదిమంది రాష్ట్ర శాసనసభ భవనంలో రోజుల తరబడి బైఠాయించినా ఆగలేదు. 2013 అక్టోబరులో ఆరోగ్య చట్టానికి డబ్బు ఇవ్వబోమని పట్టుబట్టి కేంద్ర ప్రభుత్వాన్నే 16 రోజులు మూయించారు. సుమారు 8 లక్షల మంది ఉద్యోగులను ఇంటికి పంపారు. లోటు పెరిగితే దేశం మునుగుతుందన్నారు.

2017 డిసెంబరు 22న అధ్యక్షుడు ట్రంప్ కంపెనీల పన్నును 35 శాతం నుంచి 21 శాతానికి దించాడు. దానివల్ల పదేళ్ళలో లక్ష కోట్ల డాలర్లకు పైగా లోటు పెరుగుతుందని పార్లమెంటు సొంత లెక్కలవాళ్ళే చెప్పారు. అప్పుడు లోటు కోసం ఏడ్చినవాళ్ళలో చాలామంది చేతులెత్తి ఓటు వేశారు. 2025 జులై 4న సంతకమైన చట్టం 2017 నాటి ఇతర పన్ను తగ్గింపుల్లో చాలావాటిని కొనసాగించి, ఆహార కూపన్ల ఖర్చును పదేళ్ళలో సుమారు 18,600 కోట్ల డాలర్ల మేర కోసింది. అదే చట్టం పెద్ద పంటల హామీ ధరలు పెంచింది. ఒకే కాగితం, ఒకే సంతకం. ఫ్రీడమ్‌వర్క్స్ సంస్థ 2024 మేలో మూతపడింది. దుకాణం మూసినా సరుకు అమ్ముడుపోయింది.

మనం పట్టుకోవలసిన ప్రశ్నలు

ఈ వాదన మన ఊళ్ళకూ తెలిసినదే. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పనులు మొదలైన నాటినుంచి "కూలీలు సోమరులైపోయారు, పన్ను కట్టేవాళ్ళ సొమ్ము మట్టిలో పోస్తున్నారు" అన్న మాట అరుగుల మీద వింటూనే ఉన్నాం. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో వేరే చట్టం చేసింది. రోజులు 125 అన్నారు. కాని చాలా రాష్ట్రాలు ఖర్చులో 40 శాతం భరించాలన్నారు. నాట్లు, కోతల కాలంలో 60 రోజుల దాకా పనులు ఆపవచ్చన్నారు. కూలికి గిరాకీ ఉండే రోజుల్లో కూలీకి వేరే దిక్కు లేకుండా చేస్తే ఎవరికి లాభమో పొలం గట్టు మీద నిలబడేవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

కనుక పన్నుల మాట, దుబారా మాట ఎవరు ఎత్తినా కూలీ సంఘాల్లో కూర్చుని లెక్క అడగాలి. తగ్గే పన్ను సబ్బుబిళ్ళ మీదా, కంపెనీ లాభం మీదా? కోసే ఖర్చు రేషను బియ్యమా, బడా బకాయిదారుల మాఫీనా? సభ పెట్టినవాడెవడు, బస్సులకు డబ్బు ఇచ్చినవాడెవడు? ఈ లెక్క అడగకుండా చప్పట్లు కొట్టేవాడు తన కంచం తానే లాగేసుకున్నట్టు.

దుబారా మీద కోపం తప్పు కాదు. పన్ను భారం మీద కోపం అంతకన్నా తప్పు కాదు. అమెరికాలో ఇల్లు పోగొట్టుకున్నవాడూ, ఆ ఇంటి పక్కనే ఉండి మండిపడ్డవాడూ ఇద్దరూ బ్యాంకుల దెబ్బ తిన్నవాళ్ళే. ఇద్దరూ కలిసి బ్యాంకును నిలదీయవలసిన చోట ఒకణ్ణి ఇంకొకడి మీదికి ఎగదోశారు. మన ఊళ్ళో సన్నకారు రైతుకూ, కూలీకీ మధ్య అదే తగాదా పెట్టాలని చూస్తారు. ఇద్దరి బాకీల పుస్తకం ఒకటే చేతిలో ఉందన్న సంగతి ఇద్దరూ గుర్తుంచుకుంటే ఆ తగాదా సాగదు.